రాగి-ఇనుము ఖనిజంలో ముక్కోణపు పోరు

ఊళ్లో రెండే పార్టీలు. ముగ్గురు ఆసాములకు ఒకరంటే ఒకరికి గిట్టదు. ఇద్దరు చెరొక పార్టీలో చేరారు. మూడో ఆసామి ఎటు వెళ్లినా గిట్టనివాడి పక్కన కూర్చోక తప్పదు. కొన్ని ఖనిజాల్లోని పరమాణువులదీ ఇదే ఇరకాటం. శాస్త్రవేత్తలు దీనిని 'జ్యామితీయ ఫ్రస్ట్రేషన్' అంటారు.

ఇందుకు చక్కని ఉదాహరణ డెలాఫోసైట్. రాగి, ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఈ ఖనిజానికి ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త గాబ్రియేల్ డెలాఫోస్ పేరిట 1873లో నామకరణం జరిగింది. ఇందులో ఇనుప పరమాణువులు పొరలు పొరలుగా, ప్రతి పొరలోనూ త్రిభుజాలుగా అమరి ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య నిలిచే రాగికి ఇక్కడ అయస్కాంత గుణం లేదు. కథంతా ఇనుముదే. ప్రతి ఇనుప పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. పక్కదాని ముఖం పైకి ఉంటే తనది కిందికి ఉండాలన్నది దాని స్వభావం. చదరపు గళ్లలో అయితే పేచీ లేదు, ఒకటి విడిచి ఒకటిగా సర్దుకుంటాయి. త్రిభుజంలోనే మూడోదానికి దారి దొరకదు.

పైకి, కిందికి అన్న రెండే దారులుండి, పక్కపక్కవాటి మధ్యే పోరు ఉంటే, ఇటువంటి అమరికలో పరమ శూన్య ఉష్ణోగ్రత వద్ద కూడా క్రమం ఏర్పడదని జి.హెచ్.వానియర్ 1950లోనే లెక్కగట్టి చూపారు. డెలాఫోసైట్‌లో దూరపు పొరుగువారి ప్రభావమూ ఉన్నందున చివరకు రాజీ కుదురుతుంది. సుమారు మైనస్ 262 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన రెండు పైకి, రెండు కిందికి చొప్పున వరుస తీరుతాయి. ఎవరికీ పూర్తి తృప్తినివ్వని పంచాయితీ తీర్పు వంటిది ఇది. అందుకే తేలికగా చెదురుతుంది.

ఈ చలిలో సుమారు 7 నుంచి 13 టెస్లాల అయస్కాంత క్షేత్రం ప్రయోగించగా స్ఫటికంలో విద్యుత్ ధ్రువణం పుట్టినట్లు త్సుయోషి కిమురా బృందం 2006లో వెల్లడించింది. స్కానింగ్ కేంద్రాల్లోని ఎం.ఆర్.ఐ. యంత్రాల బలం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలే. అంతటి క్షేత్రంలో బుల్లి అయస్కాంతాలు నిటారు వరుస వదిలి మరమేకు చుట్టులా మెలితిరుగుతాయి. మెలికకు కుడి, ఎడమ భేదం ఉంటుంది కనుక స్ఫటికపు సౌష్ఠవం చెడి, ధన, ఋణావేశాలు అతి స్వల్పంగా ఎడమవుతాయి. ఇక్కడ కరెంటు ప్రవహించదు. ఒక కొస ధనం, మరో కొస ఋణం అవుతుందంతే. ఇనుములో నూటికి రెండు పాళ్లు తీసి అల్యూమినియం చేరిస్తే బయటి క్షేత్రం లేకుండానే ఇది సాధ్యమైంది.

హార్డ్ డిస్కులో సమాచారం రాయాలంటే తీగచుట్టలో కరెంటు పారించి అయస్కాంత క్షేత్రం పుట్టించాలి. అందులో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. అయస్కాంతత్వాన్ని కేవలం వోల్టేజీతో తిప్పగలిగితే ఆ ఖర్చు తగ్గుతుంది. ఇటువంటి పదార్థాలపై ఆసక్తికి ఇదే ముఖ్య కారణం. ఈ ఖనిజం మాత్రం అంత చలిలో తప్ప పనిచేయదు. ఇదే కుటుంబానికి చెందిన రాగి-క్రోమియం ఆక్సైడ్‌లో బయటి క్షేత్రం లేకుండానే సుమారు మైనస్ 249 డిగ్రీలకు దిగువన ధ్రువణం కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతకు అదీ ఆమడ దూరమే.