సముద్రము అడుగున వేసిన తీగ



సాయంకాలము మన డెల్టా గ్రామాలలో ఏ వీధికి వెళ్లినా ఒక దృశ్యం కనబడుతుంది. అరుగు మీద కూర్చున్న తల్లి చేతిలో ఫోను, ఆ ఫోనులో సముద్రాల అవతల ఉన్న కొడుకు ముఖము. ఆ మాట ఆకాశ మార్గాన, ఉపగ్రహాల ద్వారా వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. కాని ఖండాల మధ్య జరిగే సమాచార రాకపోకలలో నూటికి 95 పాళ్లకు పైగా సముద్రము అడుగున పరచిన తీగల ద్వారానే సాగుతున్నది.

ఈ తీగలు అందరికీ ఒకే విధముగా అందలేదు. ఎవరికి ముందు అందాయి? ఎవరికి ఆఖరున అందాయి? ఖర్చు ఎవరు భరించారు? ఇవి వర్తకులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు. పొరుగువానిని ప్రేమించుమన్న ఆజ్ఞ క్రింద ఉన్న మనకు కూడ సంబంధించినవి.

తీగలో ఏమున్నది?

ఈ కేబులులో వెంట్రుకవంటి సన్నని గాజు పోగులు ఉంటాయి. మన మాట, మన చిత్రము వెలుగు మిణుకులుగా మారి ఆ గాజు పోగులలో పరుగెత్తుతాయి. లోతు సముద్రములో ఈ కేబులు తోటకు నీళ్లు పెట్టే గొట్టమంత లావే ఉంటుంది. ఒడ్డుకు దగ్గరలో వలలు, లంగరులు తగులుతాయి గనుక అక్కడ ఉక్కు తీగలు చుట్టి బలపరుస్తారు. దూరము పోయేకొద్దీ వెలుగు మందగిస్తుంది. అందుచేత సుమారు 60 నుండి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున దానిని తిరిగి బలపరచే పరికరము అమర్చుతారు. ఆ పరికరాలకు కావలసిన విద్యుత్తు కూడ ఒడ్డు నుండి ఆ కేబులులోనే వెళుతుంది.

తెగినప్పుడు ప్రత్యేకమైన ఓడ వెళ్లి, గాలము వేసి తెగిన కొనలను పైకి లాగి, అతికి, మరల దింపాలి. ప్రపంచములో ఏటా 150 నుండి 200 వరకు ఇటువంటి తెగుళ్లు జరుగుతుంటాయి. వీటిలో ఎక్కువ భాగము చేపల వలల వలన, ఓడ లంగరుల వలన కలిగేవే.

సముద్రము క్రింద తీగ వేయుట క్రొత్త సంగతి కాదు. 1858 ఆగస్టులో ఐరోపా, అమెరికాల మధ్య మొదటి తంతి తీగ పనిచేసినప్పుడు, క్రీస్తు పుట్టిన రాత్రి దేవదూతలు గొల్లలకు వినిపించిన స్తోత్రమును (లూకా 2వ అధ్యాయము) ఆ సంస్థవారు తమ మొదటి సందేశములో చేర్చి పంపారు. కొద్ది వారాలకే ఆ తీగ మూగబోయింది. పట్టు విడువక మరల ప్రయత్నించగా 1866లో గాని నిలకడగా పనిచేసే తీగ అమరలేదు. మన దేశానికి 1870లో బొంబాయి నుండి ఏడెన్, సూయజ్ మీదుగా ఇంగ్లండుకు సముద్ర తంతి మార్గము ఏర్పడింది.

శివారు భూమికి నీరు ఎవరు పెడతారు?

ఈ వ్యాపారము యొక్క మర్మము మన డెల్టా రైతుకు తేలికగా అర్థమవుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట గాని, దాని స్థానములో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి గాని బెజవాడలో నీటిని నిలుపుతాయి. కాలువ తల దగ్గర ఉన్నవానికి నీరు సులభము. దివిసీమ శివారు ఆయకట్టులో ఉన్నవాడు మాత్రము వంతు కోసము కాచుకొని కూర్చోవాలి. తన ఒక్క ఎకరము కోసము ఎవరూ కాలువ త్రవ్వరు.

సముద్రపు కేబులు కూడ ఇంతే. వెయ్యి మైళ్ల సముద్రము దాటుటకు అయ్యే ఖర్చు, అవతలి ఒడ్డున కోటిమంది ఉన్నా లక్షమంది ఉన్నా ఇంచుమించు ఒక్కటే. కోటిమంది ఉన్నచోట ఆ ఖర్చు తలా కొంచెము పంచుకుంటే తీరిపోతుంది. లక్షమంది ఉన్న దీవిలో ఎంత ధర పెట్టినా తీరదు. ప్రపంచములో ఈ కేబుళ్లను తయారుచేసి వేయగల పెద్ద సంస్థలు ముఖ్యముగా నాలుగే. అవి అమెరికా, ఫ్రాన్సు, జపాను, చైనా దేశాలవి. వీటికి పెద్ద గిరాకీదారులు నేడు గూగుల్, మెటా వంటి సంస్థలు. వారు జనము ఎక్కువగా ఉన్న తీరాలను చూస్తారు గాని చిన్న దీవులను వెదకి పోరు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ మన విశాఖపట్నములో డేటా కేంద్రముతో పాటు అంతర్జాతీయ కేబుళ్లు ఒడ్డెక్కే కేంద్రము కూడ నిర్మిస్తామని ప్రకటించింది. మనకు సంతోషమే. కాని అట్టి పిలుపు అందని ఒడ్డులు ఎన్నో ఉన్నవి.

ఫిజీ, టోంగా దీవులను చూడండి. 1903 నుండి మద్రాసు రాష్ట్రపు తెలుగువారు చెరకు తోటల కూలీలుగా ఫిజీకి ఓడలెక్కి వెళ్లారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నారు. ఫిజీ, ఆస్ట్రేలియాకు అమెరికాకు మధ్య దారిలో ఉన్నది. అందుచేత ఆ రెండు దేశాలను కలిపే కేబులు 2000లో దానిని తాకుతూ వెళ్లింది. ప్రక్కనే ఉన్న టోంగా దారిలో లేదు. సుమారు లక్షమంది జనాభా గల ఆ దేశానికి 2013లో, అదియు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల సహాయముతో, ఫిజీ నుండి ఒక కేబులు వేశారు. ఒక్కటే కేబులు. అప్పుడు రెండవ దారి లేదు.

మూగబోయిన దినములు

2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రములో అగ్నిపర్వతము ప్రేలింది. ఉప్పెన లేచింది. ఆ ఒక్క కేబులు తెగిపోయింది. ఆ దేశమంతా లోకానికి మూగబోయింది. న్యూజీలాండులో, ఆస్ట్రేలియాలో ఉన్న టోంగా బిడ్డలు తమ తల్లిదండ్రులు బ్రదికి ఉన్నారో లేదో తెలియక ఆలయాలలో కూడి ప్రార్థించారు. మరమ్మతు ఓడ వచ్చి, దెబ్బతిన్న భాగములో క్రొత్త కేబులు వేసి ముఖ్య దీవికి సంబంధము కలిపేసరికి ఫిబ్రవరి 22 అయింది. లోపలి చిన్న దీవులకు వెళ్లే తీగ బాగుపడుటకు ఏడాదికి పైగా పట్టింది. శివారులోనూ శివారు ఉంటుంది!

ఈ వేదన మన కృష్ణా జిల్లా పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు తంతి స్తంభాలు కూలాయి, రహదారులు తెగాయి. వేలాదిమంది అసువులు బాసిన సంగతి పూర్తిగా బయటి లోకానికి తెలియడానికి దినములు పట్టింది. కేక వినబడితే వచ్చి ఆదుకునేవారు ఉన్నారు. వినబడని కేకకు ఎవరు వస్తారు? మనుష్యుని కేకను సాటి మనుష్యుని చెవికి చేర్చుట కూడ దయగల కార్యమే.

అండమాన్ దీవుల సాక్ష్యము

ఇక మన దేశపు దీవుల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో సుమారు 13 శాతము మంది మాతృభాష తెలుగు. వారిలో అనేకులు ఉత్తరాంధ్ర తీరము నుండి వెళ్లిన మత్స్యకార కుటుంబాలవారు. నికోబార్ ప్రజలలో క్రైస్తవ విశ్వాసము వేరూనుటకు బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు పాటుపడ్డారు. ఆయన నికోబారీ భాషలోకి క్రొత్త నిబంధనను తర్జుమా చేశారు. మొదటి లోకసభలో ఆ దీవుల తరఫున కూర్చున్నారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన మంగినపూడి తీరములోనూ ప్రాణాలు తీసింది. అదే సునామీ కార్ నికోబార్‌ను తుడిచిపెట్టినంత పని చేసింది.

ఆ దీవులకు చాలాకాలము ఉపగ్రహమే దిక్కు. ఇంటర్నెట్టు ఖరీదు ఎక్కువ, వేగము తక్కువ. 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న చెన్నై నుండి పోర్ట్ బ్లెయిరుకు, అక్కడి నుండి లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ మొదలైన దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైంది. సుమారు 1,224 కోట్ల రూపాయలు ఖర్చయింది. తరువాత 2024 జనవరిలో కొచ్చి నుండి లక్షద్వీపములకు కూడ కేబులు అందింది. అదే సంవత్సరము పోర్ట్ బ్లెయిరుకు శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

ఈ డబ్బు ఎక్కడిది? ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. టెలిఫోను సంస్థలు తమ ఆదాయములో 5 శాతము సార్వత్రిక సేవా నిధికి చెల్లించాలని నియమము ఉండేది. లాభము రాని మారుమూల ప్రాంతాలకు సౌకర్యము కలిగించుటయే ఆ నిధి ఉద్దేశము. అంటే బెజవాడ గవర్నరుపేటలో దుకాణదారుడు, గుడివాడలో ఉపాధ్యాయురాలు, అవనిగడ్డలో రైతు తమ ఫోనుకు కట్టిన సొమ్ములో చిన్న పాలు సముద్రము దాటి కార్ నికోబార్ చేరింది. వారికి తెలియకుండగనే ఒక సహాయము చేశారు.

తెలిసి చేసే సహాయము మరి శ్రేష్ఠమైనది కాదా? యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు పౌలు చందా ప్రోగుచేయించినప్పుడు, ఒకరి సమృద్ధి మరియొకరి కొరతను తీర్చి సమానత్వము కలుగవలెనని బోధించాడు (2 కొరింథీయులకు 8వ అధ్యాయము). శరీరములో బలహీనమైన అవయవము మరి అవసరమైనదని కూడ ఆయనే వ్రాశాడు. సంతకు ఈ లెక్క తెలియదు. సంఘమునకు తెలిసి ఉండాలి. ఓడ బ్రద్దలై తడిసి వణకుచు ఒడ్డు చేరిన పౌలునకు చలిమంట వేసినవారు మెలితే అను చిన్న దీవివారే కదా!

మన కుటుంబాలకు కొన్ని మాటలు

మొదటిది. తీగ ఎంత గట్టిదైనా తెగుతుంది. 2024లో ఎర్ర సముద్రములో దాడికి గురైన ఓడ ఒకటి మునుగుతూ తన లంగరు ఈడ్చినందున మూడు కేబుళ్లు తెగాయని నిపుణులు భావించారు. కనుక దూరదేశములో బిడ్డలున్నవారు, తుపాను భయమున్న తీరవాసులు మాట అందనినాడు ఎవరిని అడగాలో ముందుగానే అనుకోండి. ముఖ్యమైన నంబరులు కాగితము మీద వ్రాసి బైబిలులో పెట్టుకోండి. ఫోను ఆగిపోతే వాటిలోని పేర్లు కూడ కనబడవు. ఇంట్లో ఒక బ్యాటరీ రేడియో ఉంచండి.

రెండవది. ఇంత ప్రయాసతో, ఇంత ఖర్చుతో మన ఇంటికి చేరిన తీగలో ఏమి ప్రవహిస్తున్నదో చూచుకోండి. కాలువలో మంచినీరూ వస్తుంది, మురుగూ వస్తుంది. తూము దగ్గర కాపలా ఉండవలసినది తండ్రి, తల్లి. బిడ్డలను గద్దించుటకు ముందు మన చేతిలోని ఫోనును మనమే ప్రక్కన పెట్టి, కుటుంబ ప్రార్థనకు కూర్చుందాము.

మూడవది. అందరికంటె ఆఖరున అందుకునేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. లంకలలో, కాలువ చివర, పడవ దాటి వెళ్లవలసిన ఎదురుమొండి వంటి దీవి గ్రామాలలో ఉన్న విశ్వాసులను పట్టణ సంఘాలు గుర్తుచేసుకుంటున్నాయా? కానుకల పట్టీలో వారికి వంతు ఉన్నదా? అక్కడ ఒంటరిగా ఉన్న విధవరాలితో మాట్లాడుటకు మన ఫోనులో వారానికి పది నిమిషములు ఉన్నవా? ఏ సంస్థా లాభము చూడని చోటికి ప్రేమ వెళ్లాలి.

ద్వీపవాసులు కూడ తన సేవకుని బోధ కొరకు ఎదురుచూస్తారని దేవుడు యెషయా ప్రవక్త ద్వారా తెలియజేశాడు (42వ అధ్యాయము). ఆయన చూపులో శివారు భూమి లేదు. మన సంఘాలను, మన కుటుంబాలను దూరస్థులకు దగ్గరివారిగా ప్రభువు చేయును గాక. ఆమేన్.