రోమా జనుల పేరు, వారి భాష

ఐరోపాలో నివసించు రోమా జనుల పేరైన 'రోమా' శబ్దమును మనలో కొందఱు శ్రీరామునితోను, కొందఱు రోము నగరముతోను, మఱికొందఱు రుమేనియాతోను ముడివెట్టుచు, లంబాడీలే వేషము మార్చి ఐరోపా చేరిరని తీర్పులు సైతము చెప్పుచుండుట చూడగా, నామాక్షరములనుబట్టి జాతకము చెప్పు మూఢాచారము జాతిచరిత్రలోనికిని చొరబడినదని విచారము కలుగుచున్నది.

వారి భాషలో 'రొమ్' అనగా పురుషుడు, భర్త. 'రోమా' దాని బహువచనము. మన దేశపు 'డోమ' అను కులనామమే దీనికి మూలమని పెక్కుమంది పండితుల మతము. సిరియా ప్రాంతపు 'దోమ్' జనులును, ఆర్మీనియా 'లోమ్' జనులును ఆ పేరునే ధరించియున్నారు. తక్కినవి పరులు పెట్టిన పేరులు. ఈజిప్టువారని పొరబడి ఆంగ్లేయులు 'జిప్సీ' లనిరి. జర్మనులు 'త్సిగోయ్నర్' అనిరి. ఆ రెండవ పేరుననే నాజీలు లక్షలాదిమందిని హతమార్చిరి. కావుననే 1971లో లండను చెంత సమావేశమైన వారి ప్రథమ ప్రపంచ మహాసభ పరదత్తనామములను నిరాకరించి, తమ సొంత పేరునే స్వీకరించినది.

రోమనీ యనబడు వారి భాష భారతీయమని 1782లోనే జర్మను పండితుడు రూడిగర్ ప్రకటించెను. భారతదేశమున ఏ ప్రాంతమునకు చెందినదను ప్రశ్నకు 1926లో భాషావేత్త టర్నర్ ఇచ్చిన సమాధానము నాకు మిక్కిలి ప్రీతికరము. సంస్కృతపు 'అక్షి' రోమనీలో 'యఖ్' అయినది. ఈ 'ఖ'కారము హిందీ మొదలగు మధ్యదేశ భాషల లక్షణము, కాశ్మీరువైపు అచట 'ఛ'కారము వచ్చును. అట్లని హిందీవలెనే నడచినదా యనిన, అదియు కాదు: 'హస్తము' హిందీలో 'హాథ్' కాగా రోమనీలో 'వస్త్'గా నిలిచినది, 'తీన్' అనుచోట 'త్రిన్', 'భాయీ' అనుచోట 'ఫ్రల్' అని ప్రాచీన సంయుక్తాక్షరములు చెక్కుచెదరకున్నవి, ఇది వాయవ్య భాషల గుణము. కనుక వారి పూర్వులు మధ్యదేశమున జనించి, ఆ సంయుక్తాక్షరములు అచట సరళమగుటకు మునుపే వాయవ్యమునకు తరలి, అచట తరతరములు నివసించిరని టర్నర్ నిర్ణయించెను. రాజస్థానీ కుటుంబమునకు చెందిన లంబాడీ భాషలోనో, 'తీన్' అనియే కాని రేఫము లేదు. పోయిన రేఫము తిరిగిరాదు గనుక లంబాడీనుండి రోమనీ పుట్టుట అసంభవము, ఇవి దూరపు జ్ఞాతులు మాత్రమే.

అటుపైని ప్రయాణమునకు ఎరువు మాటలే సాక్ష్యము. బాటసారి మూటలో సుంకపు చీటీలు నిలిచినట్లు, దాటిన ప్రతి రాజ్యపు ముద్రయు ఆ భాషలో నిలిచినది: అదృష్టమునకు పారసీకపు 'బఖ్త్', గుఱ్ఱమునకు ఆర్మీనియా 'గ్రస్త్', బాటకు గ్రీకు 'ద్రొమ్'. అరబ్బీ చీటీ దాదాపు లేదు గనుక ఆ సీమలలో చిరకాలము నిలువలేదని ఊహింపవలెను. గ్రీకు చీటీలు గుట్టలుగా నున్నవి గనుక బైజాంటియమున చాలకాలము కాపురముండిరని తెలియును. శిలువకు 'త్రుషుల్', క్రైస్తవ పురోహితునకు 'రషయ్' అని త్రిశూలమును, ఋషిని తమతోనే కొనిపోయిన ఈ జనులు, అంకెలలో ఆఱువరకు భారతీయ పదములనే నిలుపుకొని, ఏడు, ఎనిమిది, తొమ్మిదింటికి 'ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా' యని గ్రీకును ఆశ్రయించి, పదికి మరల మన 'దశ'నే 'దేష్' అని పలుకుచున్నారు.