సీసా నల్లబడిందర్రా!

రండర్రా, చాప ఇలా లాక్కుని కూర్చోండి. ఇవాళ నీళ్ళ కబుర్లు చెప్పుకుందాం. కుండలో నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో ఎలా తెలుస్తుందో చెప్పండి చూద్దాం. "చూస్తే తెలుస్తుంది తాతయ్యా" అంటాడు చిన్నాడు. "నోట్లో పోసుకుంటే తెలుస్తుంది" అంటుంది అమ్మడు. మన పెద్దవాళ్ళూ అలాగే కనిపెట్టేవాళ్ళు. కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా ఉడక్కుండా బిరుసుగా ఉండిపోతే ఆ బావి నీళ్ళు వంటకి పనికిరావని మీ నాయనమ్మ తేల్చేసేది. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువన్నమాట. అవి పప్పుగింజలో ఉండే బంకని పట్టి గట్టిపరిచేస్తాయి, మెత్తబడనివ్వవు. సబ్బుతో కలిసినా అంతే, నురగ రాకుండా తెల్లగా తెట్టె కడుతుంది. కొన్ని బోర్ల నీళ్ళతో టీ కాస్తే నల్లగా వస్తుంది చూశారా? అది నీళ్ళలో ఉన్న ఇనుము చేసే పని. టీ ఆకులో ఉండే వగరుతో ఇనుము కలిసి నల్లటి రంగు పుడుతుంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకునేవారు కదా, అందులో జరిగేదీ అదే.

కాబట్టి కన్నూ నాలుకా మనకి చాలా చెబుతాయి, వాటిని తీసిపారేయక్కర్లేదు. అయితే మనిషిని మంచాన పడేసే సంగతులు కొన్ని వాటికి అందవు. దీనికో కథ చెబుతాను వినండి.

1854లో లండన్ పట్నంలో కలరా వచ్చింది. సోహో అనే పేటలో బ్రాడ్ స్ట్రీట్ అని ఓ వీధి, ఆ వీధిలో ఒక చేతిపంపు. ఆ నీళ్ళు బావుంటాయని పేరు. ఎంత పేరంటే, ఆ పేట వదిలి ఊరి చివర హాంప్‌స్టెడ్‌లో కాపురముంటున్న ఒక పెద్దావిడ, ఆ రుచి మరవలేక రోజూ సీసాతో ఆ నీళ్ళే తెప్పించుకు తాగేది. ఆవిడ ఉన్నచోట కలరా లేదు. అయినా ఆవిడ కలరాతోనే పోయింది. ఆ నీళ్ళు తాగిన మేనకోడలూ పోయింది. జాన్ స్నో అనే డాక్టరు ఈ లెక్కలన్నీ కూడబెట్టి, పంపు పిడి ఊడదీయించాడు. ఆ విడతలో మొత్తం ఆ చుట్టుపక్కల 600 మందికి పైగా చచ్చిపోయారు.

ఈ కథలో నాకు ఇంకా ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు. హెన్రీ వైట్‌హెడ్ అని, అదే పేటలో చర్చి పాదిరీ. స్నో చెప్పింది ఆయన మొదట నమ్మలేదు. తప్పని నిరూపిద్దామని ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎప్పుడు ఏ నీళ్ళు తాగారో అడిగి రాసుకున్నాడు. పేట జనమంతా ఎరిగున్నవాళ్ళే కాబట్టి ఆయనకి తలుపులు తెరుచుకున్నాయి. తిరగ్గా తిరగ్గా స్నో మాటే నిజమని తేలింది. పైగా, ఆ పంపు కింది బావికి ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక పసిపాపకి విరేచనాలు పట్టుకున్నాయనీ, ఆ పాప గుడ్డలు ఉతికిన నీళ్ళు బావిని ఆనుకునే ఉన్న మరుగుదొడ్డి గుంటలో పోశారనీ, ఆ గుంట ఇటుకలు శిథిలమై నీరు బావిలోకి ఊరిందనీ బయటపడింది. డాక్టరు గారి తెలివికి ఆ పేట మనిషి పరిచయం తోడైంది కాబట్టే అంత లోతుగా తెలిసింది.

మన ఊళ్ళల్లో ఇప్పుడు ఇలా నీళ్ళ గుట్టు కనిపెట్టే పని చేస్తున్నది ఆడవాళ్ళు. 2019లో కేంద్రం జల జీవన్ మిషన్ మొదలుపెట్టినప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పాలని పెట్టుకున్నారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, పొదుపు సంఘం అక్కచెల్లెళ్ళు, ఇలాంటివాళ్ళన్నమాట. వాళ్ళకో పెట్టె ఇస్తారు. అందులో చిన్న చిన్న మందు సీసాలు, గాజు గొట్టాలు, రంగుల అట్ట. మా ఊళ్ళో బడి అరుగు మీద వాళ్ళు ఆ పెట్టె విప్పితే నేనూ పోయి పక్కన కూర్చుంటాను. చూడ్డానికి ఎంత బావుంటుందో!

అందులో నాకన్నిటికన్నా ముచ్చటైనది ఒక చిన్న సీసా. గీత దాకా కుళాయి నీళ్ళు పట్టి, మూత బిగించి, వెచ్చటి చోట ఒక రోజో రెండు రోజులో వదిలేయడమే. పట్టేటప్పుడు మూత లోపలా సీసా అంచూ వేలికి తగలకూడదు, అదొక్కటే జాగ్రత్త. నీళ్ళు అలాగే ఉంటే సంతోషం. నల్లబడ్డాయా, అందులో మరుగుదొడ్డి మురుగు కలిసిందని అనుమానించాలి. ఎందుకు నల్లబడతాయంటే, మన పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవుల్లో కొన్ని ఆ సీసాలోని ఆహారాన్ని తిని, గంధకం ఉన్న వాయువు ఒకటి వదులుతాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది చూడండి, ఆ వాయువే. సీసాలో ఇనుప లవణం కూడా వేసి ఉంచుతారు. ఆ వాయువు ఇనుముతో కలిస్తే నల్లటి పదార్థం ఏర్పడుతుంది. ఈ ఉపాయాన్ని 1982లో లోకానికి చెప్పింది మనవాళ్ళే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసిన మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు. సైన్యం ఎక్కడ గుడారం వేసినా అక్కడి నీళ్ళు చూసుకోవాలి కదా! కరెంటు అక్కర్లేదు, సూక్ష్మదర్శిని అక్కర్లేదు. దాన్ని తర్వాత దేశదేశాల్లో వాడారు. పరీక్ష అయిపోయాక నల్లబడ్డ సీసాని ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదు. అందులో పెరిగింది రోగాల పంట. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోసి చంపి, దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి.

కిందటి వానాకాలంలో మా ఊళ్ళో నాలుగు చోట్ల పట్టిన నీళ్ళలో మూడు సీసాలు తేటగానే ఉన్నాయి. వీధి చివరి కుళాయిది మాత్రం మర్నాటికి తారులా నల్లబడింది. ట్యాంకులో నీళ్ళు బావున్నాయి, మధ్య వీధిలో బావున్నాయి, చివరికొచ్చేసరికి పాడయ్యాయి. అంటే దారిలోనే ఏదో కలిసిందన్నమాట. అక్కలు పైపు వెంట నడిచి చూశారు. ఒకచోట పైపు మురుగు కాలువ అడుగునుంచి పోతోంది, అక్కడ అతుకు ఊడింది. నీళ్ళు వదిలినంతసేపూ లోపలి ఒత్తిడికి నీళ్ళు బయటికి కారతాయే గానీ మురుగు లోపలికి రాదు. కుళాయి కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఎవరైనా కుళాయికి మోటారు బిగించారంటే ఇంకా గట్టిగా లాగుతుంది. అందుకే ఇంటి కుళాయికి మోటారు పెట్టొద్దని ఆ అక్కలు అంతగా పోరుతుంటారు. అతుకు బాగుచేయించి, బ్లీచింగ్ కలిపి, మళ్ళీ సీసా పెట్టి చూశారు. తేటగా నిలిచాకే ఆ కుళాయి నీళ్ళు తాగమన్నారు.

బ్లీచింగ్ అంటే గుర్తొచ్చింది. ట్యాంకులో వేసిన క్లోరిన్ ఇంటికి చేరేదాకా కాస్తయినా మిగలాలి. లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలని లెక్క. చివరి ఇంట్లో పట్టిన నీళ్ళలో మందు చుక్కలేస్తే పసుపు రంగు తిరగాలి. తిరగలేదంటే క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోయిందని అర్థం. "మందు వాసన వస్తోందమ్మా" అని విసుక్కుంటాం గానీ, ఆ కొంచెం వాసన మనకి కాపలా.

ఇప్పుడు ఫ్లోరైడ్ సంగతి. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి మెల్లగా కరిగి బోరు నీళ్ళలోకి దిగుతుంది. కాల్షియం తక్కువున్న నీళ్ళలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. అంటే సబ్బు బాగా నురగొచ్చే నీళ్ళలోనూ ఇది దాగి ఉండొచ్చు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకూ ఓర్చుకోవచ్చు. అది ఎంతంటే, వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తంలో గ్రామున్నర! అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, పెద్దయ్యాక ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బు గురించి వైద్యులు మొదటిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. తర్వాత నల్గొండ పేరు మోగింది. ఆ ఊరి పేరుతోనే ఒక విరుగుడూ ఉంది తెలుసా? నాగపూర్‌లోని నీరీ సంస్థ వాళ్ళు 1970లలో తయారుచేశారు. నీళ్ళలో సున్నం, పటిక వేసి కలియబెడితే దూదిలాంటి తెట్టెలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతాయి. దాన్నే నల్గొండ పద్ధతి అంటారు. అన్నట్టు, నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్ళే కాబట్టి ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

ఆ పెట్టెలో దీన్ని పట్టుకునే మందు చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు పులకరిస్తుంది. అది గులాబీ రంగులో ఉంటుంది. అందులో జిర్కోనియం అనే లోహం ఒక రంగుని అంటిపెట్టుకుని ఉంటుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనుకోండి, జిర్కోనియానికి దానిమీద మోజు ఎక్కువ, రంగుని వదిలేసి దాంతో వెళ్ళిపోతుంది. ఒంటరైన రంగు పసుప్పచ్చగా మారుతుంది. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడ్. రంగుల అట్ట పక్కన పెట్టి పోల్చి చూడటమే. కంటికి కనబడనిదాన్ని కంటికి కనబడేలా చేయడం ఎంత గొప్ప సంగతర్రా! మీరూ ఇంట్లో ఇలాంటిది చూశారు. దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయే, అక్కడా రంగు మారి క్షారం ఉన్న సంగతి చెబుతోంది. పెట్టెలో పీహెచ్, అంటే నీళ్ళ పులుపూ క్షారమూ, చూసే మందుదీ అదే కుటుంబం. తాగే నీళ్ళకి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

ఏడాదికోసారి రసాయనాల పరీక్ష, వానలకు ముందోసారి, వానలయ్యాక ఓసారి సూక్ష్మజీవుల పరీక్ష, ఇదీ పద్ధతి. తేడా కనబడితే నమూనా ల్యాబుకి పంపి రూఢి చేసుకోవాలి. నా దృష్టిలో మాత్రం, పెట్టె ఎంత గొప్పదో పక్కనుండే నోటుబుక్కు అంతకన్నా గొప్పది. తేదీ, ఏ కుళాయి, ఏ రంగు, అని రాసి పెట్టుకుంటే నాలుగేళ్ళకి ఊరి నీళ్ళ జాతకం చేతికొస్తుంది.

మన రైతులు ఇలా రాసిపెట్టుకునే పని ఒకప్పుడు ఎంత బాగా చేశారో చెప్పాలి. 2003 తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 600కు పైగా ఊళ్ళల్లో రైతులే భూగర్భజలాల లెక్క చూసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. పదిహేను రోజులకోసారి బోరులో నీటిమట్టం కొలవడం, వానమాపకం చూడటం, ఊరి మధ్య గోడ మీద ఆ అంకెలు రాయడం. ఆడవాళ్ళూ కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, వరి వేస్తే ఇంత పోతుంది, ఆరుతడి పైర్లు వేస్తే ఇంత మిగులుతుంది అని లెక్క కట్టుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవర్నీ శాసించలేదు. అంకె గోడ మీద కనబడింది, చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు. చదువు రాని రైతుకి ఏం తెలుస్తుందని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఇక మీ సంగతి. మీ ఊళ్ళో ఆ ఐదుగురూ ఎవరో ఇవాళే కనుక్కోండి. పరీక్ష రోజున వెళ్ళి సీసాలు అందించండి, పేరూ తేదీ రాసిపెట్టండి. వీధి చివరి కుళాయి దగ్గర కూడా నమూనా పట్టమని అడగండి. పెట్టె మూలన పడుంటే పంచాయతీ ఆఫీసుకి మీ నాన్నల్ని తీసుకెళ్ళి, పోయినసారి పరీక్షలో ఏం తేలిందో చూపించమని అడగమనండి. అడగడానికి మనకి హక్కుంది.