నీటికాసుల మందు: మాత్ర నుండి చుక్క దాకా

"సిస్టరమ్మా, నొప్పి లేదు, మంట లేదు, ఇంక చుక్కలు ఎందుకేసుకోవాలె?" అని కుకునూరుపల్లి తాత ఒకాయన అడిగాడు. నెల క్రితం ఇచ్చిన సీసా మూత కూడా తీయలేదు. నీటికాసులతో చిక్కే అది. నొప్పి లేకుండానే చూపు పక్కల నుండి తగ్గుతుంది. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సర్వే చేశారు. హైదరాబాదులో ఈ జబ్బు బయటపడిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అంతవరకు ఆ సంగతే తెలియదు.

కంటి లోపల ఎప్పుడూ కొద్దికొద్దిగా నీరు ఊరుతూ, సన్నని జల్లెడ వంటి దారి గుండా బయటికి పోతుంది. ఇది కన్నీరు కాదు. దారి సరిగా లేకపోతే ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. ఆ నీరు ఊరడానికి కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ తోడ్పడుతుంది. దాన్ని అడ్డుకుంటే ఊట తగ్గుతుంది. 1954 నుండి ఈ పనికి ఎసిటజోలమైడ్ మాత్ర వాడుతున్నారు. అయితే ఆ ఎంజైమ్ కిడ్నీల్లో, రక్తకణాల్లో కూడా ఉంది. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది కనుక వేళ్లకు తిమ్మిర్లు, నీరసం, ఆకలి లేకపోవడం, కొందరికి కిడ్నీలో రాళ్లు. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే డాక్టర్లు ఇప్పటికీ దాన్ని కొద్దిరోజులు ఇస్తారు.

మరి కంట్లోనే వేస్తే పోదా? అందుకు 40 ఏళ్లు పట్టింది. కంటి ముందుండే అద్దం వంటి కార్నియాను దాటాలంటే మందు నీటిలోనూ కరగాలి, కొవ్వులోనూ కరగాలి. పైగా ఎంజైమ్‌లో నూటికి 99 వంతులకు పైగా ఆగితే గాని ఊట తగ్గదు. చివరకు డార్జోలమైడ్ చుక్కలకు 1994 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. 1998లో బ్రింజోలమైడ్ వచ్చింది. రెండూ మన దగ్గర దొరుకుతాయి.

డార్జోలమైడ్ ఒక్కటే వాడితే సాధారణంగా రోజుకు మూడుసార్లు. టిమోలాల్ కలిసిన సీసా అయితే రెండుసార్లు. ఇంట్లో రోగికి ఆయాసం, ఆస్తమా ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. సల్ఫా మందులు పడకపోయినా చెప్పాలి. బ్రింజోలమైడ్ సీసాను బాగా కుదపాలి. ఒక్క చుక్క చాలు. కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. నోట్లో చేదు తగిలితే మందు గొంతులోకి దిగిందన్నమాట, నొక్కడం సరిగా కుదరలేదు. ఇంకో రకం చుక్కలు వేయాలంటే అయిదు నిమిషాలకు పైగా ఆగండి. కాసేపు మంట ఉంటుంది, దానికి భయపడి మానవద్దు.

ఆ తాతకు ఇప్పుడు మనవరాలు వేస్తోంది, బడికి పోయేముందు ఒకసారి, పడుకునేముందు ఒకసారి. మధ్యాహ్నం చుక్క మాత్రం ఇంకా తప్పిపోతోందట. అమ్మమ్మకు నేర్పిస్తానని తీసుకొచ్చింది మొన్న.