కావలి కణముల కలహము

కీళ్ళ వ్యాధులన్నియు వయసుచే కలుగు అరుగుదల కావు. రుమటాయిడ్ కీళ్ళవాతమున, శరీరమును కాపాడవలసిన రక్షక కణములే పొరబడి కీళ్ళలోని లోపొరపై దండెత్తును. ఈ కణములు సైటోకైనులను ప్రోటీనుల ద్వారా ఒకదానికొకటి కబురులు పంపుకొనును. ఒక్క కబురు పెక్కు కణములను రెచ్చగొట్టును. అవి మరల కబురులు పంపును. వాపు చల్లారక మృదులాస్థిని, ఎముకను తినివేయును.

కబురులు ఇన్ని యుండగా ఒక్కదానిని ఆపిన నేమి ఫలము? లండనులో పరిశోధించిన మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో జన్మించిన రవీందర్ మైనీలు టి.ఎన్.ఎఫ్. అను సైటోకైనే తక్కినవానిని నడపుచున్నదని గుర్తించిరి. 1992లో దానిని అడ్డగించు మందును రోగులకు ఈయగా నొప్పి, వాపు తగ్గినవి. మందు ఆపగా వ్యాధి తిరిగి తలయెత్తినది.

అయితే దేహమున దాగిన క్షయ క్రిములను అదుపులో నుంచుటకును ఆ టి.ఎన్.ఎఫ్. అవసరమే. కనుకనే ఈ చికిత్సకు ముందు క్షయ పరీక్ష జరుపుదురు. కావలివాడు అకారణముగా కేకలు వేసినచో ఇల్లు అల్లకల్లోలమగును. వాని నోరు మూయించినచో దొంగకు దారి యగును.