వరుసహత్యల కథలో లోపించిన తొలి అధ్యాయము

అపరాధ పరిశోధక నవల సాధారణముగా శవముతో ప్రారంభమగును. హత్య జరిగినది గనుక హంతకుడు కలడు. అతడెవడను ప్రశ్నకు సమాధానమే కథ. 1841లో ఎడ్గార్ ఎలన్ పో ప్రకటించిన ‘ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’ మొదలు తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వరకు ఈ ప్రక్రియకు ప్రాణము ఈ ప్రశ్నయే. కాని ఒకే హంతకుడు కాలవ్యవధితో పలువురిని వధించు ఇతివృత్తమున దీనికి పూర్వమే మరియొక ప్రశ్న కలదు. ఈ మరణములన్నియు ఒకే చేతి పనియని ఎట్లు తెలిసినది? కథకులు తరచుగా దాటిపోవు ఈ ప్రశ్నయే యథార్థ పరిశోధనకు మూలమని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

కథలయందు ఈ చిక్కు లేకపోవుటకు కారణము సులభము. హంతకుడే తన కృత్యములకు ముద్ర వేయును. అగాథా క్రిస్టీ 1936లో రచించిన ‘ది ఎ.బి.సి. మర్డర్స్’ నవలలో ప్రతి శవముచెంత ఒక రైల్వే గైడు లభించును. ముందుగా పరిశోధకునకు లేఖయు చేరును. 2019లో విడుదలయైన ‘రాక్షసుడు’ అను తెలుగు చలనచిత్రమున విరూపమైన బొమ్మ ఆ పని చేయును. ఈ గుర్తులవలన హత్యల వరుస పరిశోధకుని వెదకుకొనుచు వచ్చును. అతడు దానిని కూర్పనక్కరలేదు.

యథార్థము ఇందుకు భిన్నము. ఆ 2019వ సంవత్సరముననే యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూరులో ఏప్రిల్ మాసమున ఒక బాలిక అదృశ్యమైనది. ఆమె మృతదేహము ఒక పాడుబడిన బావిలో లభించిన పిమ్మటనే, మార్చిలో కనబడకపోయిన యువతి, 2015లో కనబడకపోయిన బాలిక సైతము హతులైరని వెల్లడియైనది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ న్యాయస్థానము నిందితునకు మరణశిక్ష విధించినది. ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. మూడవ శవము దొరకువరకు మొదటి రెండును హత్యలుగా లెక్కకు రాలేదు. అవి కేవలము ‘అదృశ్యములు’.

వరంగల్లు చెంతనున్న గొర్రెకుంట ఉదంతము మరియొక రీతి. 2020 మే నెలలో ఒక బావినుండి రెండు దినములలో తొమ్మిది మృతదేహములు వెలికివచ్చినవి. మృతులు పొట్టకూటికై పరరాష్ట్రములనుండి వచ్చిన శ్రామికులు, వారి కుటుంబీకులు. విచారింపగా, ఆ మార్చిలో నిడదవోలు సమీపమున రైలునుండి త్రోయబడి మరణించిన ఒక స్త్రీ హత్యను మరుగుపరచుటకే ఈ తొమ్మిది హత్యలును జరిగినవని తేలినది. ఆ మొదటి మరణము వెనుక హత్య కలదని తెలియుటకు తొమ్మండుగురి ప్రాణములు పోవలసివచ్చినది. ఆ యేడు అక్టోబరులో వరంగల్లు న్యాయస్థానము నేరస్థునకు మరణశిక్ష విధించినది.

ఏలూరు ఉదంతమున మరణములు అదృశ్యములు సైతము కావు. ధనవృద్ధి కలుగునని ఆశచూపి, ప్రసాదమున సైనైడు కలిపి, 2018 ఫిబ్రవరికిని 2019 అక్టోబరుకును నడుమ పదిమందిని చంపిరని 2019 నవంబరులో పోలీసులు ప్రకటించిరి. వీనిలో కొన్ని సహజ మరణములుగనే భావింపబడినవి. చివరి మృతుని యొంటినున్న బంగారము, సొమ్ము కనబడకపోవుట అనుమానమునకు హేతువైనది. టెలిఫోను పిలుపుల పట్టిక తక్కిన దారి చూపినది. అనగా, హత్యకు ముద్ర వేసినవాడు హంతకుడు కాడు. పట్టికలను పోల్చి చూచినవాడు వేసినాడు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. లేని వరుసను కూర్చుట ఉన్నదానిని చూడకపోవుటకంటె తక్కువ దోషము కాదు. 1871నాటి నేరస్థజాతుల చట్టము, దానిని విస్తరించిన 1911నాటి చట్టము నేరమును వ్యక్తికి గాక పుట్టుకకు ముడివైచినవి. తెలుగునాట ఎరుకలవారు అందుకు బలియైరి. 1913లో ఏర్పడిన స్టువర్టుపురము సెటిల్మెంటు అందుకు సాక్ష్యము. ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. కావున ఆధారములతో కూర్చిన వరుసయే పరిశోధన. ఆధారము లేనిది అపవాదు.

ఈ దృష్టితో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పినపాకను నేపథ్యముగా గైకొని ఒక రచయిత ఇట్టి నవల వ్రాయబూనెననుకొందము. ఒకవంక గోదావరి, ఒకవంక అడవి, కోయపల్లెలు, చేరువనే మణుగూరు బొగ్గుగనులు. భయానకమునకు ఇంతకంటె వలసినదేమి? కాని ఈ కథలోని అసలు చీకటి అడవిలో లేదు. ఈ ప్రాంతమునకు మిరప కోతలకై ఛత్తీస్‌గఢ్ నుండి కూలీలు వత్తురు. అట్టివారిలో ఒకరు కనబడకపోయిన, ఇంటికి పోయెనని ఇచటివారు, పనిలో నున్నదని అచటివారు తలంపవచ్చును. ఏ భాషలో, ఏ రాష్ట్రపు ఠాణాలో ఫిర్యాదు చేయవలెను? తప్పిపోయిన బాలల విషయమున ప్రతి ఫిర్యాదును కేసుగా నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించినది. ఆ ఆదేశమైనను ఫిర్యాదు చేయువారున్నపుడే ఫలించును.

కావున వరుసహత్యల నవలను పరిశీలించు విద్యార్థి హంతకుని మనస్తత్త్వముతోపాటు మృతుల స్థితిగతులను గూడ విచారింపవలెను. ఎవరి అదృశ్యము ఊరిని కదలించును, ఎవరిది కదలింపదు? హంతకునకు అజ్ఞాతముగా సాగు అవకాశమిచ్చునది అతని చాతుర్యముకంటె ఈ భేదమే. దానిని గుర్తించు అధ్యాయము మన నవలయందు ఇంకను వ్రాయబడవలసియున్నది.