మసిలో మాణిక్యము

ఆముదపు దీపముపై బోర్లించిన పళ్లెమున కంటిన మసిని గీచి, నేతితో రంగరించి కాటుక చేయుట మన అవ్వలకు చేతనైన విద్యయే. ఆ మసి కర్బనము. పొయ్యిలోని బొగ్గును కర్బనమే. పిల్లల పెన్సిలులోని గ్రాఫైటును కర్బనమే. ముక్కుపుడకలోని వజ్రమును కర్బనమే. పదార్థ మొక్కటియే యైనను, అందలి పరమాణువులు చేతులు కలుపుకొను తీరునుబట్టి యొకటి వ్రేలికంటు మసియు, ఒకటి గాజును కోయు రత్నము నగుచున్నది. ఈ కుటుంబమున పుట్టిన మఱియొక బిడ్డను గూర్చి మేమీ నెల మా సోదరీమణులకు చెప్పదలచితిమి. దానిపేరు కార్బన్ నానోట్యూబు. మేము కర్బననాళిక యందుము.

1991వ సంవత్సరమున జపానుదేశములోని త్సుకుబా నగరమున సుమియో ఇయీజిమా యను శాస్త్రజ్ఞుడు, రెండు కర్బనపు కడ్డీల నడుమ విద్యుజ్జ్వాలను పుట్టించినపుడు ఒక కడ్డీకొనను పేరుకొన్న నల్లని పదార్థమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. అందు సూదులవంటివి కనబడినవి. అవి సూదులు గావు; ఒకదానిలో నొకటి యిమిడియున్న బోలు గొట్టములు. 1993లో ఒంటిపొర గొట్టములును దొరకినవి. అంతకు చాల ముందే, 1952లో, ఇద్దరు రష్యా శాస్త్రజ్ఞులు ఇట్టి గొట్టముల చిత్రములను తమ భాషలో ప్రకటించియుండిరి గాని, లోకము వాని నంతగా గమనింపలేదు. కీర్తియు నొక్కొకప్పుడు భాషను జూచి వచ్చును గాబోలు!

వీని నిర్మాణమును తెలిసికొనుటకు తేనెపట్టును తలచుకొనుడు. ప్రతి గదికిని ఆరు మూలలు. ప్రతి మూలను ఒక కర్బన పరమాణువు. ప్రతి పరమాణువును మూడు పొరుగు పరమాణువులతో గట్టిగా పెనవేసికొని యుండును. ఒక్క పరమాణువంత మందముగల ఇట్టి పొరను చాపవలె చుట్టి, అతుకు కనబడకుండ అంచులు కలిపినచో నాళిక యగును. (నిజముగా నెవరును చుట్టరు, అది గొట్టముగనే పెరుగును.) ఒంటిపొర నాళిక అడ్డుకొలత సుమారొక నానోమీటరు, అనగా మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. ఇట్టివానిని దాదాపు 80,000 ప్రక్కప్రక్కన పేర్చిన గాని మన తలవెండ్రుక మందమునకు సరిపోవు.

ఇందొక చిత్రము కలదు. గీతల కాగితమును తిన్నగా చుట్టినచో గీతలు కంకణములవలె వచ్చును. ఏటవాలుగా చుట్టినచో తీగవలె మెలికలు తిరిగి పైకి ప్రాకును. నాళికయు నట్లే. చుట్టిన వాలునుబట్టి కొన్ని లోహమువలె విద్యుత్తును ధారాళముగా పోనిచ్చును. తక్కినవి సిలికానువలె అర్ధవాహకములగును. లెక్కప్రకారము మూటిలో సుమారొకటి లోహజాతిది. ఈ రెండు జాతులును కలసి పుట్టుటయే పెద్ద చిక్కు. బియ్యములో రాళ్లేరుట మనకు తెలియును గాని, కంటికి కానరాని రాళ్లను ఏరుట యెట్లు? ఏరుట పూర్తిగా సాధ్యము గాదని యెరిగి, మిగిలిన రాళ్లవలన కీడు కలుగని రీతిని వలయములను కల్పించి, 2019లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 14,000కు పైగా నాళికా ట్రాన్సిస్టరులతో కంప్యూటరు మెదడు నొకదానిని నిర్మించిరి.

బలమన్ననో, 2000 సంవత్సరమున నాళికలను రెండువైపుల పట్టి లాగి చూడగా, కొన్ని మేలైన ఉక్కుతీగె తాళుదానికి సుమారు 20 రెట్ల వఱకు తాళినవి. బరువో, ఉక్కులో ఆరవవంతు. అయినను ఇది యొంటరి నాళిక బలము. వేనవేలు నాళికలను దారముగా పేనినచో పోగులు జారి, ఆ బలములో కొంతయే మిగులును. పొట్టిపింజ దూదితో నూలు వడికినవారి కిది చెప్పనక్కరలేదు. కావున నేడు వీనిని చిటికెడు చిటికెడుగా కలుపుటయే యెక్కువ: విద్యుద్వాహనముల లిథియం బాటరీలలో కరెంటునకు దారి చూపుటకు, ప్లాస్టికుచేత విద్యుత్తును పోనిచ్చుటకు, టెన్నిసు రాకెట్ల, సైకిలు చట్రముల జిగురును గట్టిపరచుటకు.

ఇంతవఱకు పొగడినది యొకయెత్తు. మా మనస్సును బాధించు సంగతి యొకయెత్తు. ఆస్‌బెస్టాసు అను రాతినారను గూడ లోక మొకప్పు డిట్లే పొగడినది. ఇంగ్లండులోని రాక్‌డేలు పట్టణమున నెల్లీ కెర్షా యను స్త్రీ చిన్ననాటినుండి ఆ నారను వడికి, ఊపిరితిత్తులు పాడై, నలువదేండ్లైన నిండకుండ 1924లో మరణించినది. పనివాండ్ర బట్టలకంటి ఇల్లు చేరిన ఆ నార, వానిని ఉతికిన భార్యలను గూడ బలిగొన్నది. సన్నమై, పొడవై, దేహములో కరగనిదై యుండుటయే దాని దోషము. కర్బననాళికలలో కొన్నిటికి నా గుణములే కలవు. 2008లో ఎడిన్‌బరో పరిశోధకులు పలుపొరల పొడవైన నాళికలను చిట్టెలుకల ఉదరములో ప్రవేశపెట్టగా, రాతినారవలెనే వాపు పుట్టించినవి; పొట్టివి, చిక్కుపడినవి అట్లు చేయలేదు. 2014లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ వీనిలో నొక రకమును, మానవులకు కాన్సరు కలిగింప నవకాశముగలవాని పట్టికలో చేర్చినది.

బాటరీలోనో రాకెట్టులోనో చిక్కియున్న నాళికవలన ఇంటివారికి భయము తక్కువ. దానిని పొడిగా ఎత్తిపోయునప్పుడు, కోయునప్పుడు, అరగదీయునప్పుడు ఆ గాలి పీల్చువారిదే ఆపద. అందుచేత 2013లో అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధనా సంస్థవారు, 8 గంటల పనిలో ఘనమీటరు గాలికి సగటున 1 మైక్రోగ్రామును మించి నాళికల ధూళి యుండరాదని సలహా నిచ్చిరి. పనివారు పనిచోటనే స్నానముచేసి, బట్టలు మార్చుకొని యింటికి పోవుటకు వసతులుండవలెననియు అందు వ్రాసిరి.